గట్టయ్య కాక గేటు తనిఖీ

గట్టయ్య కాక చేత జేబులు తడిమించుకోకుండా గేటు దాటిన మనిషి గోదావరిఖనిలో ఇంకా పుట్టలేదు. బొగ్గుబాయిలోకి దిగేవాళ్ళ దగ్గర బీడీ, అగ్గిపెట్టె, ఫోను ఉన్నాయేమో వెతకడం ఆయన డ్యూటీ. రిటైరై మా హైస్కూలుకు వాచ్‌మన్‌గా వచ్చాడు గానీ, ఆయన చేతులు రిటైర్ కాలేదు.

బిడ్డ పెళ్ళిలో మండపం గుమ్మం దగ్గర అల్లుణ్ణే ఆపాడు. "ఫోను ఈడ పెట్టి లోపటికి పో."

భార్య పూలమ్మ నెత్తి కొట్టుకుంది. "ఓ అయ్యా, ఆయన బాయిల దిగుతలేడు, లగ్గం చేసుకుంటుండు!"

"ఏదైతేందే? దిగినంక పైకి ఎప్పుడొస్తడో ఎవనికెరుక?"

ఒకసారి పట్టపగలే కాక ఇంటికి దొంగ వచ్చాడు. కాక వాడి జేబులన్నీ వెతికి, అగ్గిపెట్టె లేదని తేల్చుకుని, "ఇగ పో లోపటికి" అన్నాడు. ఇది అబద్ధమైతే నా ఆటో నాలుగో టైరు పేలిపోవాలి.

నేను తొమ్మిదిలోనే బడి మానేశాను. ఆ దెబ్బ నుంచి బడి ఇంకా కోలుకోలేదు. రోజూ ఆ గేటు ముందే షేర్ ఆటో పెడతాను కాబట్టి అక్కడ నాకు తెలియకుండా ఈగ కూడా వాలదు.

పదో తరగతి పిల్లలు ఫోను లేకుండా ఊపిరి పీల్చలేరు. మేజోళ్ళలో తెచ్చారు, డిక్షనరీ కడుపు కోసి అందులో తెచ్చారు. మెకానిక్ హసన్ కొడుకు తాబిష్ టిఫిన్ డబ్బాలో పాతిపెట్టి తెచ్చాడు.

"ఇదేందిరా?"

"బగారన్నం, కాకా."

"మీ ఇంట్ల బగారన్నం రింగైతదారా?"

తాబిష్‌కు ఆ ఫోను గేములో ఒక కోట ఉంది. మధ్యాహ్నం పూట కాపలా పెట్టకపోతే శత్రువులు కూలగొడతారు. గేటు దగ్గర దొరికిపోతున్నానని ఫోను ఇంట్లోనే ఉంచి, లెక్కల పీరియడ్‌లో గోడ దూకి ఇంటికి ఉరకడం మొదలుపెట్టాడు. హెడ్మాస్టరు తిరుమల మేడం హసన్‌ను పిలిపించింది.

"ఇంకోసారి దూకిండంటె బడి బంద్ మేడం! నా షెడ్డుల స్పానర్ పట్టుకుంటడు," అన్నాడు హసన్. ఉత్త బెదిరింపు కాదు, పెద్దకొడుకును అలాగే పదిలో మాన్పించాడు.

మర్నాటి నుంచి తాబిష్ గోడ వంక చూడలేదు. ఫోను తనే తెచ్చి కాక చేతిలో పెట్టి క్లాసుకు పోయేవాడు. తండ్రి భయం పనిచేసిందని మేడం అనుకుంది. నేను ఆటోలోంచి గుడ్లురిమి చూడటం వల్లేనని స్టాండంతా చాటాను.

ఒక మధ్యాహ్నం గేటు గదిలోకి తొంగిచూసిన మేడం కొయ్యబారిపోయింది. కాక ముక్కు మీద కళ్ళద్దాలు, చేతిలో తాబిష్ ఫోను, ఒళ్ళంతా చెమటలు.

"కాకా! పిల్లల ఫోన్లు గుంజుకుని నువ్వు ఆడుతున్నవా?"

"జర ఆగుండ్రి మేడం! దుష్మన్లు గేటు కాడికొచ్చిండ్రు."

వాళ్ళను తరిమేశాకే తలెత్తాడు.

"బాయిల బదులు డ్యూటీకి రిలీవర్ రాకుండ పంపు కాడి మనిషి డ్యూటీ ఇడిసి పోతడా మేడం? పోడు. ఈ పోరడు గూడ గంతే. కోటను ఎవ్వలకు అప్పజెప్పాలెనో తెల్వక గోడ దూకిండు. నేను రిలీవరైన. గాడు లెక్కలు చేసుకుంటుండు."

"దీంతో వాడి పిచ్చి ఇంకా ముదరదా?"

"మొదట్ల బెల్లు కొట్టినప్పుడల్ల ఉరికొచ్చి అడిగేటోడు. గిప్పుడు ఇంటికి పోయేటప్పుడు నేను యాది చేస్తేనే ఫోను తీస్కపోతుండు. నన్ను బంద్ చెయ్యమంటరా, చేస్త. పోరడు రేపే గోడ దూకుతడు, ఎల్లుండి షెడ్డుల ఉంటడు."

మేడం గుమ్మంలోంచి వెనక్కి తిరిగింది. అటూ ఇటూ చూసింది. నేను ఆటో అద్దం తుడుస్తున్నట్టు నటించాను. అప్పుడు ఆవిడ మెల్లగా హ్యాండ్‌బ్యాగులోంచి తన ఫోను తీసింది.

"కాకా, నాదొక తోట ఉంది ఇందులో. మధ్యాహ్నం నీళ్ళు పెట్టకపోతే టమాటలు ఎండిపోతున్నయి. పాఠం చెప్తుంటే మనసంతా అటే పోతుంది."

కాక ఆ ఫోనును రెండు చేతులా అందుకున్నాడు.

"మీ ఫికర్ నాది మేడం. అటు దిక్కు కోతులు గిట్ల వస్తయా?"