రేవులో లారీ తలుపు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. నా భార్య పోయి నెలయింది. తుంగభద్ర రేవుకు పడవను మోసుకెళ్తున్న లారీలో డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. మోకాళ్లు కదిపే చోటు లేదు. కదలాలని కూడా లేదు.

రేవులో పడవను దించడానికి లారీని పాచి పట్టిన వాలు మీద వెనక్కి నడపాలి. చక్రాల కింద పెట్టే రాళ్లతో నిలబడిన పడవ మనిషి నా వైపు తలుపు తెరిచాడు.

“దిగప్పా.”

“ఉంటాలే. నాకు భయం లేదు.”

“నీ భయం ఎవురడిగినారప్పా? ఆ పక్క తలుపు తాడుతో కట్టేసుండాది. బండి నీళ్లలోకి జారితే డ్రైవరు యాడ నుంచి దూకల్ల? నీ నెత్తి మీదనా?”

డ్రైవరు మొహమాటంగా ముందుకే చూస్తున్నాడు.

నేను దిగి, పడవ నీళ్లను తాకేదాకా నా వైపు తలుపు మూసుకోకుండా పట్టుకుని లారీ పక్కనే నడిచాను.