కిమ్‌హోక్ గారి పళ్ళ పరామర్శ

ఉదయం ఆరు కొట్టేసరికి కిమ్‌హోక్ సముద్రపు అమ్మవారి గుడి మెట్ల మీద చిన్న పీట వేసుకొని, గుడి చుట్టూ తిరిగే కుక్కలకు పళ్ళు తోముతూ ఉండేవాడు. వేలికి మెత్తటి గుడ్డ చుట్టి, కోడికూర వాసన వేసే పేస్టు అద్దుకొని, ఒక్కొక్క మూతీ పట్టేవాడు. మనుషుల పేస్టు కుక్కల కడుపుకు పడదని ప్రత్యేకంగా తెప్పించిన పేస్టు అది. ముందు తాను నాకి చూసి, "ఈసారి ఉప్పు తగ్గించాడు వెధవ" అని గొణిగి, ఆ తరువాతే కుక్కలకు పట్టించేవాడు.

నలభై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. వేలు దవడ దాకా పోనిస్తూ, "లోపలికి జరగాలి, లోపలికి! వెనకాల బోలెడు ఖాళీ ఉంది" అని కేకలు పెట్టేవాడు.

తైవాన్ దక్షిణపు ఒడ్డున ఉన్న ఆ రేవు ఊళ్ళో ఎవరెదురైనా "తిన్నావా?" అని అడగడం మర్యాద. కిమ్‌హోక్ మాత్రం "తోమావా?" అనేవాడు. అదీ మనిషిని కాదు, కుక్కను. పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూశాకే యజమానికి నమస్కారం దక్కేది. ఒకసారి చావింటికి పోయి, గుమ్మంలోని కుక్క నోరు చూసి, శవం దగ్గర ధూపం వెలిగించి, "పోయినాయన పుణ్యాత్ముడు, చిగుళ్ళు చూస్తేనే తెలుస్తోంది" అన్నాడు. పోస్టుమాన్ మీదికి దూకిన కుక్కను గొలుసు పట్టి ఆపి, "ఉండు, ముందు చూపించు. అదుగో, ఎడమవైపు ఎంత గార పట్టిందో! ఈ పళ్ళతో కరిస్తే నీకే నష్టం" అని దానికే బుద్ధి చెప్పాడు. పోస్టుమాన్ ఆ సందులో సైకిలు వదిలేసి పారిపోయాడు.

గుడి ఎదుట చేప గంజి అమ్మే బీలాన్‌కు మాత్రం లోలోపల చిన్న కినుక. ఊరందరి కుక్కల మూతులూ ఎత్తి చూసే ఈ మనిషి, తన కుక్క నల్లోడి వైపు కన్నెత్తి కూడా చూడడు.

"ఏమన్నా, మావాడివి పళ్ళు కావా?" అని ఒకసారి అడిగేసింది.

"గంజిలో అల్లం తక్కువైంది చెల్లెమ్మా" అని ఆయన గిన్నెలోకి తల దించుకున్నాడు.

పద్నాలుగో ఏట నల్లోడు తిండి మానేశాడు. కంటి కింద వాచింది. డాక్టరమ్మ చూసి, గట్టి ఎముక కొరికి పై దవడలో పెద్ద పన్ను చిట్లిందనీ, లోపల చీము పట్టిందనీ, మత్తిచ్చి తీసెయ్యాలనీ చెప్పింది. మత్తు మాట వినగానే బీలాన్ నల్లోడిని ఒళ్ళోకి లాక్కుంది. ఆరేళ్ళ కింద ఆమె భర్త ఆపరేషనుకు మత్తిచ్చిన బల్ల మీదనే ఉండిపోయాడు. ఆనాటి నుంచీ ఇంట్లో ఆమెకు తోడుగా ఉన్న ఊపిరి నల్లోడిదే.

గంజి కుండ దించేసి గుడికి వెళ్ళింది. అమ్మవారి జవాబు తెలుసుకోవడానికి వేసే నెలవంక ఆకారపు చెక్కలు రెండూ చేతబట్టి, "తల్లీ, పన్ను తీయించకుండానే నయం చేస్తావా?" అని వేసింది. రెండూ వెల్లకిలా పడ్డాయి. అంటే అమ్మవారు ఔననీ కాదనీ చెప్పకుండా నవ్వుతున్నట్టు. మళ్ళీ వేసింది, మళ్ళీ నవ్వు. మూడోసారీ అంతే.

వెనక నుంచి కిమ్‌హోక్ గొంతు వినిపించింది. "నవ్వదా మరి? మూడుసార్లు నవ్వింది, అమ్మవారి పళ్ళన్నీ నాకు కనిపించాయి. చక్కటి వరస!"

"గుళ్ళో కూడా అదేనా అన్నా!" అంటూనే ఆమె కళ్ళు తుడుచుకుంది. "మా ఆయన కూడా గంటలో వచ్చేస్తానన్నాడు."

ఆయన ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అడిగే మాట మార్చు చెల్లెమ్మా. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంటావా తల్లీ అని అడుగు. తలుపు దగ్గర నేను నిలబడి ఉంటానని కూడా చెప్పు."

అలాగే అడిగింది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. మూడుసార్లూ అలాగే. అమ్మవారు ఒప్పుకుంది.

పన్ను తీసినంతసేపూ కిమ్‌హోక్ తలుపును అంటుకొని నిలబడ్డాడు. నర్సు కుర్చీ తెచ్చి వేసింది.

"కూర్చోండి తాతా, మోకాళ్ళు వణుకుతున్నాయి."

"నిలబడతానని అమ్మవారికి మాటిచ్చానమ్మా. మోకాళ్ళ సంగతి వాటినే చూసుకోనీ."

తలుపు తెరుచుకుంది. నల్లోడు మత్తుగా తోక ఒక్కసారి కదిపాడు. బీలాన్ గుండె కుదుటపడింది.

"ఇంత ముసలి కుక్కకు ఇంత గులాబీ రంగు చిగుళ్ళు నేనెక్కడా చూడలేదు. అందుకే గాయం తొందరగా మానుతుంది. రోజూ మీరే తోముతారా?" అని బీలాన్‌ను అడిగింది డాక్టరమ్మ.

"నేనా? నా పళ్ళు తోముకోవడానికే తీరిక దొరకదు!"

కిమ్‌హోక్ ఉన్నట్టుండి గోడ మీది క్యాలెండరును శ్రద్ధగా చదవసాగాడు.

"అన్నా!"

"పొద్దున్నే నువ్వు పొయ్యి ముందు నుంచి తల తిప్పవు గదా" అన్నాడు క్యాలెండరుతోనే. "మీ ఆయన పోయినప్పటి నుంచీ నేనే... వాడు బాగుంటే నీకూ బాగుంటుందని."

"ఆరేళ్ళా! ఒక్కమాటైనా చెప్పలేదేం?"

"చెబితే ఊరికే గంజి పోస్తావు. నేను వద్దంటాను. రోజూ పోట్లాట."

బీలాన్ నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. నల్లోడి తల నిమురుతూ గొంతు తగ్గించాడు.

"ఆ చిట్లిన పన్ను నేను చూసి ఉండాల్సింది. వెనక దవడ నా కంటికి ఆనడం లేదు. రేపటి నుంచి ఒక్క రెండు నిమిషాలు పొయ్యి వదిలి వచ్చి, కాస్త టార్చిలైటు పట్టుకుంటావా చెల్లెమ్మా?"