హేరోదు కోటు

మా నాయనకు చిత్తూరులో బడి యూనిఫారం గుడ్డల అంగడి ఉండేది. ఖాకీ, ముదురు నీలం, మెరూన్ తానుల మధ్యే పెరిగాను. గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి అందులో నూలెంతో, పాలిస్టరెంతో చెప్పడం అక్షరాలకంటే ముందే వచ్చింది. నాయన పోయాక కొన్నేళ్లు అంగడి నేనే నడిపాను. బళ్లవాళ్లే కుట్టించిన బట్టలు తెప్పించి అమ్ముకోవడం మొదలుపెట్టాక మూసేసి, తిరుపతిలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టులో సరుకు నాణ్యం చూసే పనిలో చేరాను.

జర్మనీ సైనికుల పాత దుస్తులు సేకరించే పిచ్చి ఒక గుండీతో పట్టుకుంది. చెన్నైలో పాత సామాన్లమ్మే చోట గుండీల డబ్బా ఒకటి కొన్నాను. అందులో బూడిదరంగు లోహపు గుండీ ఒకటి, పైన ఇసుక చల్లి అద్దినట్టు గరుకుగా ఉంది. ఫోటో తీసి ఇంటర్నెట్‌లో ఇలాంటివి సేకరించేవాళ్ల గుంపులో పెట్టాను. జర్మనీ నుంచి ఒక ముసలాయన జవాబిచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయిల కోటుకు వాడిన గుండీ అట. వెనక ఉన్న చిన్న అక్షరాలు తయారుచేసినవాళ్ల గుర్తట. మా అంగడిలో గుండీలు సేర్లలెక్కన అమ్మేవాళ్లం. ఒక్కో గుండీకి ఇంత కథ ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

తర్వాత కోట్లు వచ్చాయి. తూర్పు జర్మనీ సైన్యపు ఓవర్‌కోటు, సరిహద్దు పోలీసుల జాకెట్టు, యుద్ధకాలం నాటి కోటు ఒకటి. ఆ చివరిదానికి కుడి రొమ్ము మీద గద్ద బొమ్మ పీకేసిన కుట్టు రంధ్రాలు మాత్రం మిగిలాయి. ఆ గద్ద కాళ్ల కింద ఉండే స్వస్తిక గుర్తునే మా ఇంటి ఓనరమ్మ ప్రతి శుక్రవారం గడప మీద పసుపుతో దిద్దేది. ఆ గుర్తు కింద ఎంతమందిని చంపారో చదివాక, అది ఉన్న వస్తువేదీ ఇంట్లోకి తేకూడదనుకున్నాను. అయినా తెలిసినవాళ్లు “ఏమప్పా, హిట్లరంటే అంత ఇష్టమా?” అని అడిగేవాళ్లు. కాదని చెబితే, మరెందుకని అడిగేవాళ్లు. నేను గుడ్డ నేత గురించి మొదలుపెడితే లేచిపోయేవాళ్లు.

నా భార్య అడిగింది వేరే మాట. “సచ్చినోళ్ల గుడ్డలు బీరువాలో పెట్టుకుని, పక్కనే నా చీరలు పెట్టమంటావా?” అంది. పలమనేరులో పుట్టింటికి వెళ్లి తిరిగి రాలేదు. కోట్ల వల్లే వెళ్లిపోయిందని చెప్పను. మేమిద్దరం ఒకే గదిలో ఉండి మాటలు లేకుండా రోజులు గడిపేవాళ్లం. కోట్లు లేకపోయినా వెళ్లేదేమో.

ఆమె వెళ్లాక బీరువా అంతా కోట్లకే అయింది. తిరుపతి ఎండల్లో ఉన్ని గుడ్డను కాపాడటం పసిబిడ్డను సాకినట్టే. ఆదివారం వాటిని నీడలో ఆరేసి, బ్రష్‌తో దులిపి, నాఫ్తలీన్ ఉండలు మార్చేవాణ్ని. చూపించడానికి ఎవరూ లేరు. ముసలాయనకు ఫోటోలు పంపితే, అక్కడ తెల్లవారాక జవాబొచ్చేది.

ఒకరోజు నాయుడుపేట నుంచి ఒక టైలరు ఫోన్ చేశాడు. అంగడి ఉన్న రోజుల్లో మా దగ్గరే గుడ్డ తీసుకునేవాడు. “అన్నా, నువ్వడిగే మాదిరి కోటొకటి ఈడ ఉండాది. చర్చి దగ్గర ఒక పెద్దామె కుట్టు ఊడిందని తెచ్చింది. నేను సూదే పెట్టలా. వచ్చి సూడు” అన్నాడు.

మరుసటి ఆదివారం బస్సెక్కాను. టైలరు నన్ను ఆమె ఇంటికి తీసుకెళ్లాడు. రేకుల ఇల్లు, ఒంటరి మనిషి. ఎనభై దాటి ఉంటాయి. కోటు మంచం మీద పరిచి ఉంది. ముదురు నీలం ఉన్ని, ఎర్ర కాలరు, ఎర్ర కఫ్‌లు, ముందు అంచంతా సన్నటి ఎర్ర పట్టీ, ఇత్తడి గుండీలు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు జర్మనీ కాల్బలం పండగలకు, కవాతులకు తొడిగిన కోటు. ఇన్నాళ్లూ బొమ్మల్లోనే చూశాను.

“కూర్చో నాయనా. దీన్ని సూడ్డానికి తిరుపతి నుంచి వచ్చినావా?” అంది. “ఇది మా ఆయన హేరోదు కోటు.”

ఆమె మామగారి నాయన ఒక జర్మనీ పాదిరి దొర దగ్గర వంట చేసేవాడట. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఇంగ్లీషు దొరలు ఆ పాదిరిని శత్రుదేశం మనిషని పట్టుకుపోయారు. పోతూ పోతూ ఈ కోటు వంటాయన చేతికిచ్చాడు. మళ్లీ రాలేదు. అప్పటినుంచి క్రిస్మస్ నాటకంలో, బాలయేసును చంపాలని ఊళ్లో పసిపిల్లల్ని నరికించిన హేరోదు రాజుకు ఇదే వేషం. ఆమె భర్త బతికినన్నాళ్లూ హేరోదు ఆయనే.

నేను కోటు తిరగేసి చూశాను. సైన్యం ఇచ్చినదైతే లోపలి గుడ్డ మీద దళం ముద్రలుండాలి. లేవు. గుడ్డ కూడా మామూలు సిపాయిల ముతక ఉన్ని కాదు. సొంత ఖర్చుతో కుట్టించుకుని ఒక ఏడాది సైన్యంలో పనిచేసే చదువుకున్న కుర్రవాళ్లు అప్పట్లో ఉండేవాళ్లు. పాదిరి అలాంటివాడై ఉండాలి. ఏ దళమో భుజాల పట్టీలు చెప్పాలి. కానీ వాటి చోట బంగారు రంగు జరీ ముక్కలు కుట్టి ఉన్నాయి.

“పెద్దమ్మా, ఈ భుజాల మీద పట్టీలుండాల. ఏమైనాయి?”

“నేనే కోసేసినా. ఆయన రాజు మాదిరి కనపడాలని నా పెళ్లి చీర అంచు కోసి కుట్టినా. పాతవి పొయ్యిలో ఏసింటా. ఎందుకు నాయనా, అంత ముఖ్యమా?”

“లేదులే పెద్దమ్మా. ఇది పాదిరి కోటు కాదు, సిపాయి కోటు. దొర పాదిరి కాకముందు సిపాయిగా ఉన్నాడు” అన్నాను.

“దొర తుపాకి పట్టినాడా? ఈ మాట చర్చిలో ఎవురికీ చెప్పబాకు” అంది. పెద్దామె కోటు దగ్గరికి లాక్కుని, కాలరు లోపలి చెమట మరకను వేలితో చూపించింది. “ఇది దొరది కాదు. మా ఆయనది.”

కోటు ఇస్తారా అని అడగడానికే వచ్చాను. అడగలేదు. ఆమె చేపల పులుసు, అన్నం పెట్టింది. తర్వాత కూడా వీలు చిక్కినప్పుడల్లా వెళ్లాను. నాఫ్తలీన్ ఉండలు తీసుకెళ్లి, కోటు ఎలా మడవాలో చూపించాను. ఆమె తన భర్త గురించి చెప్పేది. హేరోదు కేకకు పిల్లలు నిజంగానే ఏడ్చేవాళ్లట. నేను కోట్ల గురించి చెప్పేవాణ్ని. సగం అర్థంకాకపోయినా “ఊ” కొట్టేది. నా మాటలకు అంతసేపు ఊ కొట్టిన మనిషి మరొకరు లేరు.

ఆ డిసెంబరులో క్రిస్మస్ ముందురోజు ఆమె ఫోన్ చేయించింది. హేరోదు వేసే ఆయనకు శ్రీ సిటీ ఫ్యాక్టరీలో షిఫ్టు పడిందట. “నువ్వు సన్నంగా ఉండావు, మా ఆయన మాదిరి. నీకు సరిపోతాది. రా నాయనా.”

సేకరించేవాళ్లు పాత కోటు తొడగరు. చెమట, బరువు, కుట్టు మీద ఒత్తిడి, అన్నీ చెడుపే. ఆ మాట చెప్పబోయి చెప్పలేక వెళ్లాను. సాయంత్రం చర్చి వెనక గదిలో ఆమే కోటు పట్టుకుంది, నేను చేతులు దూర్చాను. భుజాలు బిగువుగా ఉన్నాయి, చేతులు సరిగ్గా సరిపోయాయి. ఆమె గుండీలు ఒక్కొక్కటీ పెట్టి, కాలరు సర్ది, నా మొహంలోకి చూడకుండా “పో” అంది.

నాకున్నవి కొద్ది మాటలే. “పుట్టిన ఆ రాజు యాడ?” అని అరిచాను. జనం నవ్వారు. హేరోదు పుస్తకాల భాషలో మాట్లాడాలట, నేను చిత్తూరోడి మాదిరి అరిచాను. ముందు వరసలో ఒక పాప మాత్రం భయపడి వాళ్లమ్మ కొంగులో దూరింది. అది చూసి పెద్దామె కళ్లు తుడుచుకుంది. తర్వాత అందరూ కేకు పెట్టారు, చేతులు కలిపారు. చివరి బస్సులో కూర్చున్నాక, ఆ రోజు ఎంతమందితో మాట్లాడానో తలుచుకుంటే ఆశ్చర్యమేసింది.

తర్వాతి వానాకాలంలో టైలరు ఫోన్ చేశాడు. ఆమె నిద్రలోనే పోయింది. నేను చేరేసరికి చర్చిలో ప్రార్థన జరుగుతోంది. పెట్టెలో ఆమె తల కింద మడిచిన నీలం గుడ్డ కనిపించింది, ఎర్ర కాలరు బయటికి. కోటు తనతోనే పెట్టమని ఆమె ముందే చెప్పిపెట్టిందని పాస్టరుగారు అన్నారు.

టైలరు నా చెవిలో, “అన్నా, ఇప్పుడైనా అడుగుదామా? పాస్టరుగారు కాదనడు. మట్టిలో పోతాదే!” అన్నాడు. వద్దని తల ఊపాను. ఊపిన తర్వాత కూడా ఆ ఎర్ర కాలరు వైపే చూస్తూ ఉన్నాను. నాకు తెలిసి మన ప్రాంతంలో అలాంటి కోటు ఇంకొకటి లేదు. సమాధుల తోటలో వాన చినుకులు మొదలయ్యాయి. అందరితోపాటు నేనూ పిడికెడు మట్టి వేశాను. అక్కడ ఏడ్చినవాళ్లెవరికీ నేనేమవుతానో తెలియదు. ఒకామె అడిగితే “తెలిసినవాణ్ని” అన్నాను.

జర్మనీ ముసలాయనకు ఉన్నదున్నట్టు రాశాను. ఆయన కోప్పడ్డాడు, ఒక మ్యూజియం వస్తువును మట్టిపాలు చేశావన్నాడు. ఆయన మాటలో తప్పులేదు. నేను తిరిగి రాయలేదు, ఆయనా రాయలేదు.

ఆ ఏడు క్రిస్మస్‌కు నన్నెవరూ పిలవలేదు. పిలవడానికి కారణమూ లేదు. కొట్టు నుంచి పెందలాడే వచ్చి, అన్నం వండుకుని, మజ్జిగతో తిని, తలుపు వేసుకున్నాను.