కుడివైపు సీటు

పోయిన వారం మెకానిక్ షెడ్డులో మా కారును పైకి లేపి, నన్ను దాని కింద నిలబెట్టి, ఆ పెద్దాయన స్క్రూడ్రైవరుతో చట్రాన్ని ఒక్క పోటు పొడిచేసరికి అది అప్పడంలోకి దిగినట్టు దిగిపోయింది. తుప్పు పొడి నా చొక్కా మీద రాలింది. "సారీ మేట్, ఈసారి రెజో రాదు" అన్నాడాయన, ఆస్పత్రి వరండాలో డాక్టర్లు మాట్లాడే గొంతుతో. రెజో అంటే కారు రోడ్డెక్కడానికి ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషను. అది రాకపోతే కారు ఉన్నా లేనట్టే. డెబ్బై దాటిన మనిషి మెకానిక్కును బతిమాలుతుంటే చూడ్డానికి ఏం బావుంటుంది? అయినా బతిమాలాను. ఆ కారు పోతే మా ఆవిడ మళ్ళీ నాలుగు గోడల మధ్య కూర్చుంటుందన్న భయం తప్ప నాకింకేమీ తోచలేదు.

మా ఆవిడకు చిన్నప్పుడే పోలియో సోకి ఎడమకాలు చచ్చుబడింది. తొడ నుంచి మడమ దాకా ఇనుప పట్టీలు బిగించుకుంటే గాని నిలబడలేదు. కూర్చున్నా మోకాలు వంగదు. మేం కాన్‌బెర్రా వచ్చిన కొత్తలో మా గంగాలిన్ వైపు ఇప్పటిలా ట్రామూ లేదు, ఇన్ని ఇళ్ళూ లేవు. బస్సు మెట్లు ఆమె ఎక్కలేదు. తెలిసిన వాళ్ళ చిన్న చిన్న కార్లలో ఆ కాలు పెట్టడానికి చోటు చాలదు. ఊళ్ళో కాలేజీలో వృక్షశాస్త్రం పాఠం చెప్పిన మనిషి ఇక్కడ కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో పోయే కుక్కల్ని లెక్కపెట్టుకునేది. ఇక్కడివాళ్ళు యూని అనే యూనివర్సిటీలో ట్యూటరు పని ఇస్తామని కబురొచ్చినా రోజూ వెళ్ళే దారి లేదు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ, నా వైపు చూడకుండానే, "ఏమండీ, నన్ను పంపించెయ్యండి. అక్కడైతే రిక్షా అయినా ఎక్కగలను" అంది. నేను కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాను.

ఆ రోజుల్లోనే షాపింగ్ సెంటరు నోటీసు బోర్డు మీద ఆ కారు ప్రకటన చూశాను. అమెరికా నుంచి ఎవరో తెచ్చుకున్న పాత సెడాన్, అప్పటికే ముసలిది. సముద్రపు రంగు, గది అంత పొడుగు, ఇక్కడి కార్లకు మన దగ్గరలాగే స్టీరింగు కుడివైపైతే దీనికి ఎడమవైపు. ముందు సీట్లు రెండు కాదు, మన ఊరి అరుగులా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే సీటు. మా ఆవిడ కుడివైపు తలుపుకు వీపు ఆనించి, ఎడమకాలు సీటు మీద బారజాపుకుని కూర్చుంది. ఆమె బూటు వచ్చి నా కుడి తొడకు ఆనింది. ఈ దేశంలో దిగాక ఆమె నవ్వగా చూడడం అదే మొదలు.

కొనేముందు మెకానిక్కుకు చూపించమని అందరూ చెప్పారు. చూపిద్దామనే అనుకున్నాను గాని, ఆయన మరుసటి వారం రమ్మన్నాడు. ఇంతలో తెనాలి నుంచి మా అమ్మ ఫోను, ఎల్లుండి నుంచి మూఢం, మళ్ళీ మంచిరోజులు వచ్చేదాకా బండి మాట ఎత్తొద్దని. అప్పటికి యూని తెరిచేస్తారు, ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. మన ఈడు వాళ్ళకు చెప్పక్కర్లేదు, అమ్మ మూఢమంటే మూఢమే. ఇంజనీరింగు చదివిన వాణ్ణి, శుక్రుడు అస్తమించేలోగా కారు ఇంటికి తెచ్చేయాలన్న తొందరలో దాని బ్రేకులు కూడా తొక్కి చూడలేదు.

దాని ఫలితం, ఇక్కడికి మూడు గంటల ప్రయాణం దూరంలో అడవి మధ్య ఉన్న హెలెన్స్‌బర్గ్ గుడి దగ్గరే తెలిసింది. వాహన పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, పంతులుగారు "ఊ, కానివ్వండి" అనగానే తాళం తిప్పితే బండి దగ్గి ఊరుకుంది. ఎన్నిసార్లు తిప్పినా అంతే. వెనక పూజకు వచ్చిన కార్ల వాళ్ళు హారన్లు మోగిస్తున్నారు. చివరికి దర్శనానికి వచ్చిన వాళ్ళంతా పట్టుబట్టలు ఎగదోపుకుని, గోవిందా అంటూ దాన్ని నిమ్మకాయల మీద నుంచి నెట్టారు. లోపల మా ఆవిడ కాలు జాపుకుని ఉత్సవ విగ్రహంలా కూర్చుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. నాకు మాత్రం ఆ అడవి మధ్య, ఆ ఎండలో, ఇల్లు ఎలా చేరతామో అన్న ఏడుపే.

ఆ తరవాత అది పెట్టిన బాధలు ఎన్నని చెప్పను. వేసవిలో ఇంజను కుతకుతమని ఉడికేది, చలికాలం తెల్లారితే మొండికేసేది. గేరు డబ్బా నూనె కారి కారి ఇంటి ముందు సిమెంటు మీద శాశ్వతంగా నల్ల మరక పడింది. కిటికీ అద్దం దిగితే ఎక్కదు. పెట్రోలు తాగడం గురించి మాట్లాడుకోకపోవడం మంచిది. ఏ చిన్న రబ్బరు గొట్టం పోయినా అమెరికా నుంచి ఓడలో రావాలి, వచ్చాక అది వేరే ఏడాది మోడలుదని తేలాలి. పాతదని బీమా వాళ్ళు మొహం చిట్లించేవాళ్ళు. ఆ కారు తిన్నదాంతో ఇంకో ఇల్లు లేచేదని మా అబ్బాయి ఇప్పటికీ అంటాడు, ఇంగ్లీషులో.

కానీ అది ఆమెను రోజూ యూనికి తీసుకెళ్ళింది. కారు పార్కుల దగ్గర టికెట్టు మిషను ఆమె వైపే ఉండేది గనక టికెట్టు లాగడం ఆమె పని. ఎడమ మూల కూర్చున్న నాకు, ముందు లారీ పోతుంటే, ఎదురుగా ఏం వస్తోందో కనపడేది కాదు. ఆమె మెడ చాచి చూసి "ఆఁ, వెళ్ళచ్చు" అంటేనే దాన్ని దాటేవాణ్ణి. ఆమె కునుకు తీస్తే లారీ వెనకే పడి పోయేవాణ్ణి. అలా ఆమె రిటైరయ్యేదాకా, ఆ తరవాతా నడిచింది మా బండి.

అందుకే పోయిన వారమంతా పిచ్చివాడిలా తిరిగాను. వెల్డింగు వాళ్ళకు, పాత కార్ల సంఘాల వాళ్ళకు, తెలిసినవాళ్ళకు, తెలియనివాళ్ళకు ఫోన్లు చేశాను. బ్యాంకులో దాచుకున్నది తీసేద్దామనుకున్నాను. మా అబ్బాయి "ఇట్స్ టైమ్, డాడ్" అంటే కసిరి ఫోను పెట్టేశాను. ఇంటికొచ్చి, ఏదో ఒకటి చేస్తాను, నువ్వేం దిగులుపడకు అని మా ఆవిడతో అన్నాను. ఆమె చిక్కుడుకాయలు వలుస్తున్న చేతులు ఆపింది.

"దాన్ని వదిలెయ్యండి. రెండేళ్ళ నుంచి ఆ సీటులోకి ఎక్కినప్పుడల్లా నా నడుం తెగిపోతోంది. మీరు దాని వెనక పడుతున్న పాట్లు చూసి చెప్పలేకపోయాను."

నాకు ముందు కోపం వచ్చింది. తరవాత వంటింట్లో నిలబడే ఏడ్చాను. ఆమె కోసమని నేను దాన్ని బతికిస్తుంటే, నా కోసమని ఆమె దాన్ని ఎక్కుతోంది.

నిన్న, ఈమధ్య ఆమె వాడుతున్న చక్రాల కుర్చీని అలాగే ఎక్కించుకునే ట్యాక్సీలో హెలెన్స్‌బర్గ్ వెళ్ళాం. వెనక తలుపు తెరిచి, ఇనుప పలక దించి, కుర్చీతో సహా ఆమెను లోపలికి తోసి, నాలుగు వైపులా పట్టీలు బిగించారు. నడుంనొప్పి లేదు, ఎండ లేదు, ఏసీ చల్లగా ఉంది. ఆ రోజుల్లో ఈ సదుపాయం ఉంటే ఆమె ఒక్కరోజు కూడా కిటికీ దగ్గర కూర్చునేది కాదు. మంచికే మారింది కాలం, కాదనను. నన్ను ముందు కూర్చోమన్నారు. ఈ దేశపు బండి గనక నాకు దొరికింది మళ్ళీ ఎడమవైపే, ఎదురుగా స్టీరింగు మాత్రం లేదు. దారిలో ఒక లారీ అడ్డం వచ్చింది. నేను అలవాటుగా కుడివైపు తిరిగి ఎదురుచూశాను. అక్కడ కూర్చున్న డ్రైవరు ఎవరినీ అడగకుండా దాన్ని దాటేశాడు. నేను ఖాళీగా ఉన్న నా కుడి తొడ మీద చెయ్యి వేసుకుని, గుడి వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.