బొట్టు పెట్టిన పిస్తోళ్ళు

కుట్టుమిషన్‌కు వేద్దామని నూనె సీసా మూత తీశానో లేదో, ఆ పల్చటి వాసనకు నా చేతులు ఆగిపోయాయి. పక్కగదిలో బాబు దగ్గుతున్నాడు. దగ్గితే ఎందుకు దగ్గాడోనని, దగ్గకపోతే ఎందుకు దగ్గలేదోనని లేచి చూసి వస్తున్నాను. మధ్యమధ్య దొరికిన కాస్త తీరికలో తాతయ్య గది గుర్తుకొచ్చింది. మా ఇంట్లో అప్పుడు కుట్టుమిషన్ లేదు, అయినా ఈ నూనె మాత్రం సూర్యాపేట నుంచి ఎప్పుడూ వస్తూనే ఉండేది.

సూర్యాపేటకూ మిర్యాలగూడకూ నడుమ మా ఊరు. ఎండాకాలం మధ్యాహ్నాలు, వాకిట్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు ఇల్లంతా కమ్ముకుని, గొర్రెలు సైతం గోడ నీడన తలలు దాచుకున్న వేళ, తాతయ్య తన గదిలో పాత పంచె ముక్క పరిచి, దాని మీద మూడు రివాల్వర్లను పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పెట్టి, ఒక్కొక్కదానికీ ఆ నూనె రాసేవాడు. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు, ఇంగ్లీషు దొరలు వదిలి వెళ్ళిన సామాను అమ్మే ఒక హర్రాజు దుకాణంలో మొదటిది కొన్నాడట. మిగతా రెండింటి కోసం ఏళ్ళకేళ్ళు వెతికాడు. మూడూ అమెరికావే. అక్కడి పడమటి బీడు భూముల్లో, ఎప్పుడో తాతల నాడు, గుర్రపు దండు సిపాయిల నడుముకు వేలాడినవి. ఒకదాని పిడి మీద, చెయ్యి ఒరిసి ఒరిసి నున్నబడిన కర్రలో, రెండు చిన్న అక్షరాలు చెక్కి ఉండేవి. పరీక్ష చేసి పుచ్చుకున్న సర్కారు మనిషి గుర్తు అనేవాడు తాతయ్య. నా వేలు పట్టుకుని ఆ అక్షరాల మీద నడిపించేవాడు. గుండ్లు పెట్టే చక్రాన్ని తిప్పనిచ్చేవాడు. అది టికటికమంటూ తిరిగి ఆగేది. గుండ్లు మాత్రం ఏనాడూ లేవు. ఆ కాలపు గుండ్లు ఇప్పుడెక్కడా దొరకవనీ, దొరికినా తనకొద్దనీ అనేవాడు.

"గంత దూరపు ఇనుము మనకెందుకయ్యా?" అనేది నానమ్మ గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తూ.

"ఇనుము కాదే, చరిత్ర."

"అయితే నీ చరిత్రను జర పక్కకు జరుపు, ఊడ్సుకోవాలె."

ఆ తరువాత పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునే రోజులు వచ్చాయి. ఒక గుంపు వచ్చి పోయిందని ఒకరు, ఇంకో గుంపు వస్తోందని ఇంకొకరు. రజాకార్ల భయానికి అమ్మనూ నన్నూ కోదాడ దాటి, నిజాం సరిహద్దు అవతలున్న పిన్ని ఇంటికి పంపారు. "ఏం బెంగ పెట్టుకోకు తల్లీ, అంతా సర్దుకుంటుంది" అని పిన్ని అన్నం కలిపి పెడుతుంటే, నాకు తాతయ్య రివాల్వర్లకు ఎవరు నూనె రాస్తున్నారన్న బెంగే ఉండేది. మిలిటరీ వచ్చాక, తంగేడు పూల నాటికి మళ్ళీ ఇంటికి చేరాం.

అప్పుడే దండోరా వేశారు. ఎవరింట ఆయుధాలున్నా తెచ్చి అప్పజెప్పాలి.

"ఇచ్చెయ్యరాదు, పీడ పోతది" అంది నానమ్మ.

"పేలేటివి ఆయుధాలు. ఇవి పేలవు కదనే" అన్నాడు తాతయ్య. అన్నాడే గానీ, మూడింటినీ గుడ్డలో చుట్టి వడ్ల గుమ్మిలో లోతుగా పూడ్చిపెట్టాడు. వాటిని ఇచ్చేంత గుండె ఆయనకు లేదు.

దసరా వచ్చింది. మలీద ముద్దల తీపి, గారెల నూనె వాసన, వాకిలినిండా బంతిపూల రెక్కలు. నానమ్మ నాగలికీ, గొడ్డలికీ, కొడవళ్ళకూ, చివరికి తన కత్తిపీటకూ పసుపు రాసి బొట్టు పెట్టింది. ఇంట్లో ఉన్న ఏ ఇనుమునూ ఆ రోజు వట్టిగా వదలకూడదని ఆమె నమ్మకం.

పండగ వెళ్ళిన మర్నాడే జీపు వచ్చింది. అధికారి మర్యాదస్తుడు, ఉర్దూలోనే నెమ్మదిగా అడిగాడు. సిపాయి గుమ్మిలోకి చువ్వ గుచ్చితే లోపల ఖణేల్‌మంది. తాతయ్య ముఖం పాలిపోయినా మాట తడబడలేదు. పాతవి, చూసుకోవడానికి దాచుకున్నవి, నెలల తరబడి వీటిని ముట్టినవాళ్ళు లేరు అన్నాడు.

అధికారి గుడ్డ విప్పాడు.

మూడింటి మీదా పచ్చటి పసుపు, తడి పూర్తిగా ఆరని కుంకుమ బొట్లు, ఇంకా వాడని బంతిపూలు. అధికారి ఒక పువ్వు తీసి చూసి, తాతయ్య వైపు చూశాడు.

"నేనే పెట్టిన కొడుకా!" తలుపు చాటు నుంచి నానమ్మ బయటికే వచ్చేసింది. "నాగలికి పెట్టిన, కొడవలికి పెట్టిన, వీటికి పెట్టకుంటే ఎట్ల? ఆయనకు తెల్వదు కొడుకా, ఆయన ముట్టలే!"

ఆ మాటలను ఉర్దూలోకి మార్చి చెప్పవలసింది తాతయ్యే. చెప్పాడు. పనిచేసే ఆయుధానికే కదా పూజ చేసేది అన్నాడు అధికారి. రివాల్వర్లతో పాటు ఆయననూ జీపులో ఎక్కించుకుని సూర్యాపేట వైపు వెళ్ళిపోయారు. నానమ్మ పసుపంటిన చేతులతో దుమ్ములో నిలబడిపోయింది. నేను ఆమె కొంగు పట్టుకుని ఉన్నాను. అంతకు మించి ఏం పట్టుకోవాలో నాకు తెలియలేదు.

జొన్నలు కంకి వేసేనాటికి తాతయ్య చిక్కిపోయి తిరిగొచ్చాడు. రివాల్వర్లు రాలేదు. కరిగించారని కొందరు, ఎవరో దాచుకున్నారని కొందరు అన్నారు. మధ్యాహ్నాలు ఆయన అదే గదిలో కూర్చునేవాడు. ఒడిలో వట్టి చేతులు, బొటనవేలు మాత్రం కనపడని చక్రాన్ని తిప్పుతున్నట్టు కదులుతూ ఉండేది.

"ఒక్క మాటన్న అనయ్యా, తిట్టరాదు" అని నానమ్మ ఒకసారి ఏడ్చింది.

"ఏమని తిట్టాలె?" అన్నాడు తాతయ్య. "అవి మనింటివే అనుకున్నవ్. గన్ని దినాలకు గప్పుడనుకున్నవ్."

ఇద్దరూ లేరిప్పుడు. సాగర్ నీళ్ళొచ్చాక ఆ గదిలో ఎరువుల బస్తాలు పడ్డాయి. గుమ్మి లేదు, ఆ టికటిక లేదు. ఎల్లుండి పండగ. "మిషన్‌కు బొట్టు పెట్టుడు మర్సిపోకు బిడ్డా" అని మా అత్తమ్మ సాయంత్రమే చెప్పింది. పెడతాను, ఏటా పెడుతూనే ఉన్నాను. కుంకుమ భరిణె చేతికి తీసుకోగానే, నా కాళ్ళు ముందు వీధి తలుపు దాకా పోయి గడియ చూసి వస్తాయి. బొట్టు పెట్టాక మళ్ళీ పోయి చూసి వస్తాయి.

నూనె వేయడం అయింది. చక్రం ఒకసారి తిప్పి చూశాను, చప్పుడు లేకుండా తిరిగింది. బాబు దగ్గు ఆగింది. లేచి చూసి రావాలి.