మూత తీయకూడని నాణేలు

మా పెద్దమ్మ భర్తను బంధువులంతా సీలు ఇన్‌స్పెక్టరు అంటారు. చాటుగానే లెండి, ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. కరెంటు ఆఫీసులో మీటర్ల తనిఖీ ఆయన ఉద్యోగం. ఇంటింటికీ వెళ్ళి మీటరు డబ్బా వెనకా ముందూ తడిమి, ఎవడు కరెంటు దొంగిలిస్తున్నాడో కనిపెట్టి, డబ్బాకు తీగ చుట్టి సీసం సీలు వేసి రావాలి. సీలు అందరూ వేస్తారు. ఆయన మాత్రం జేబులో పెన్ను పక్కన ఉండే ఉక్కు సూది తీసి, ఆ సీలు మీద ఎవరి కంటా పడని చోట ఒక చుక్క పొడిచి వస్తాడు. ఎవడైనా సీలు తెంపి అచ్చం అలాంటిదే తగిలిస్తే దాని మీద చుక్క ఉండదు. దొంగ దొరికిపోతాడు. అలా దొరికినవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి ఆఫీసులో ఆయనంటే గౌరవం.

చిక్కల్లా, ఆ మనిషి ఇంటికొచ్చాక కూడా ఇన్‌స్పెక్టరే. పాలు పల్చబడితే పాలవాణ్ణి, పేపరు నలిగి వస్తే పక్కింటివాళ్ళను, మందు పనిచెయ్యకపోతే డాక్టరును నిలదీస్తాడు. సొంత తమ్ముడు చూడ్డానికి వచ్చి గోడ గడియారం వంక మాటిమాటికీ చూశాడని, దాని మీద కన్నేశాడని తేల్చేసి, ఆ ఇంటితో రాకపోకలు తెంచేశాడు. పాపం ఆయన రైలుకు టైమైపోతోందేమోనని చూసుకున్నాడు. బట్టలు కుట్టే స్నేహితురాలు మిగిలిన గుడ్డ వెనక్కి ఇవ్వలేదని పెద్దమ్మకు ఆ గుమ్మమూ లేకుండా పోయింది. ఇలా ఒక్కో ఇల్లూ మూసుకుపోగా పోగా, ఆవిడ వెళ్ళి కాసేపు కూర్చుని మనసు విప్పి మాట్లాడుకోగలిగిన చోటు మా ఇల్లొక్కటే మిగిలింది. అమ్మ ఆవిడకు ఒక్కగానొక్క చెల్లెలు. కింద నాన్న నాణేల దుకాణం, పైన మా కాపురం. పెద్దమ్మ వచ్చిన రోజు అమ్మ చిన్నపిల్ల అయిపోతుంది.

అలాంటి మా ఇంటికి ఆయన ఒక రోజు రేకు డబ్బా ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు.

బ్యాంకుల మీద నమ్మకం లేక, టంకశాల వాళ్ళు ఏటా కొత్త బొమ్మతో విడుదల చేసే వెండి నాణేలు కొని దాచుకోవడం ఆయనకు అలవాటు. పాతకాలపువి కావు. తళతళలాడే కొత్తవే. ఎంత వెండి ఉందో అంతే విలువ. అయితే ఈమధ్య బజారులోకి నకిలీలు దిగడంతో చాలామంది వాటిని గ్రేడింగ్ కంపెనీకి పంపుతున్నారు. అక్కడి నిపుణులు ఒక్కో నాణేన్నీ భూతద్దం కింద పరీక్షించి, అసలుదో కాదో తేల్చి, మచ్చా గీతా ఏమీ లేకపోతే డెబ్బైకి డెబ్బై మార్కులు, ఉంటే తగ్గించి వేసి, మనిషి చేసిన గాయమైతే అసలు వెయ్యకుండా, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో శాశ్వతంగా బిగించి పంపుతారు. డెబ్బై వచ్చిన నాణేన్ని వెతుక్కుంటూ వచ్చి కొనేవాళ్ళు ఉంటారు.

జీతం తీసుకుని మరీ అనుమానించే మనుషులు లోకంలో ఉన్నారని తెలిసి పెదనాన్నకు ముందు వాళ్ళ మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. మర్నాటికల్లా వాళ్ళ మీదా అనుమానం వచ్చింది. పోనీ నేరుగా వెళ్ళి ఇచ్చి, ఎదురుగా కూర్చుని చూద్దామంటే ఆ కంపెనీ ఎవరి దగ్గర పడితే వాళ్ళ దగ్గర తీసుకోదు. గుర్తింపు ఉన్న దుకాణం ద్వారానే పంపాలి. మా ఊళ్ళో ఆ గుర్తింపు నాన్నకే ఉంది. దాంతో ఆయన అనుమానానికి సొంత తోడల్లుడు కూడా దొరికాడు.

దుకాణంలో నాన్నకు చేదోడుగా ఉండేది నేనే. ఎవరు నాణేలు తెచ్చినా మా పద్ధతి ఒకటే. చేతులకు నూలు తొడుగులు వేసుకుని, నాణేన్ని అంచు పట్టుకుని బయటికి తీసి, నాన్న దీపం కింద అటూ ఇటూ తిప్పి చూస్తాడు. మార్కులు రావనుకున్నవి పక్కన పెట్టేస్తాడు. అనవసరంగా ఫీజు కట్టించడం ఆయనకు ఇష్టం ఉండదు. అలవాటు ప్రకారం తొడుగులు వేసుకుని డబ్బా ముందుకు లాక్కున్నాడు. పెదనాన్న ఆ డబ్బా మీద చెయ్యి వేశాడు.

"మూతలు తియ్యకు."

నాణేలు ఒక్కొక్కటీ మూత ఉన్న గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీల్లో ఉన్నాయి. అంచు చుట్టూ నల్లటి స్పాంజి పట్టీ.

"తియ్యకుండా ఎలా అన్నయ్యా? పట్టీ కింద అంచు ఎలా ఉందో చూడాలి కదా."

"నువ్వు చూడక్కర్లేదు. చూడ్డానికే కదా వాళ్ళకి ఫీజు కట్టేది."

"చూడకుండా పంపితే నా పూచీ ఉండదు మరి."

"చూస్తే అసలుదే ఉండదు," అన్నాడు పెదనాన్న.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాన్న నా వంక చూసి కనుబొమలతోనే ఊరుకోమన్నాడు. డబ్బీలు డబ్బీలుగానే కట్టమన్నాడు. పెదనాన్న స్టూలు నా పక్కకే లాక్కుని, కళ్ళు ఆర్పకుండా నా వేళ్ళ వంక చూస్తూ కూర్చున్నాడు. ఒక్కో డబ్బీనీ కట్టకముందూ కట్టాకా సెల్‌ఫోనులో ఫొటో తీసుకున్నాడు. టేపు అంటించిన చోట అడ్డంగా తన సంతకం పెట్టాడు. నేను దగ్గితే, "ఏంటమ్మా?" అని అడిగాడు.

ఆయన వెళ్ళాక పైకి వెళ్తే అమ్మ అప్పటికే కంగారు పడుతోంది.

"నువ్వెందుకు ఒప్పుకున్నావు? వాటికి ఏమన్నా అయితే అక్క మళ్ళీ మన గుమ్మం తొక్కుతుందా? నా వల్ల కాదు, వేరే ఊళ్ళో ఇచ్చుకోండని చెప్పలేకపోయావా?"

"చెప్తే ఎందుకొద్దన్నానని అనుమానపడతాడు. అప్పుడు మాత్రం పంపిస్తాడా మీ అక్కని?" అన్నాడు నాన్న. 

ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది మా పని.

పార్సెల్ వెళ్ళింది. ఆ వారమే పెద్దమ్మ రావడం మానేసింది. అమ్మ ఫోన్ చేసి అడిగితే గొంతు తగ్గించి చెప్పిందట. "విచారణ నడుస్తుండగా రాకపోకలు మంచివి కావంటున్నారే." ఆయన ఉద్యోగంలో అదొక రూలు. తనిఖీ తేలేదాకా ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టుకోడు. ఇప్పుడు మేము ఆ ఇల్లు అయ్యాం! నేను ఆవిడతో మాట్లాడదామని ఫోన్ తీసుకుంటే, అవతల ఇంకెవరిదో ఊపిరి కూడా వినిపించింది. "అందరూ బాగున్నారా పెద్దమ్మా?" అని అడిగి పెట్టేశాను. ఇంకేం అడగను?

పెదనాన్న మాత్రం రోజూ దుకాణానికి వచ్చేవాడు. పార్సెల్ ఎక్కడుందో కంప్యూటర్లో చూపించమనేవాడు. దారిలో ఉందంటే ఏ దారిలోనని అడిగేవాడు. చేరిందంటే ఎవరు తీసుకున్నారు, ఆ సంతకం ఎవరిదని అడిగేవాడు. పరీక్షలో ఉందని వచ్చినప్పుడు, "ఇన్నాళ్ళా? నాణెం చూడ్డానికి ఇన్నాళ్ళు పడుతుందా, మార్చడానికి పడుతుందా?" అని గొణిగాడు. వెళ్ళేముందు అద్దాల బీరువాలో మేము అమ్మకానికి పెట్టిన వెండి నాణేల దగ్గర ఆగి ఒక్కోదాన్నీ వంగి వంగి చూసేవాడు. ఎందుకు చూస్తున్నాడో నాకు తెలుసు. నాన్నకూ తెలుసు. కొనడానికి వచ్చినవాళ్ళ ముందు కూడా అలాగే చూసేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన అలా చూసి వెళ్ళిపోయాక నాన్న తొడుగులు తీసి బల్ల మీద పెట్టి, "ఏమే, నేను అలా కనిపిస్తానా?" అని అడిగాడు.

నాన్నకు కోపం రాదు. వస్తే బాగుండేది. ఆ మాట అడిగినప్పుడు ఆయన మొహం చూడలేక నేను బీరువా అద్దం తుడుస్తూ నిలబడ్డాను. పెదనాన్నను ఆ క్షణాన నేను మనస్ఫూర్తిగా అసహ్యించుకున్నాను.

చివరికి పార్సెల్ తిరిగొచ్చింది. నాన్న దాన్ని ముట్టుకోలేదు, నన్ను ముట్టుకోనివ్వలేదు. పెదనాన్నా పెద్దమ్మా కలిసి రావాలని కబురు చేశాడు. "వదిన కూడా రావాలి, ఆవిడ ఎదురుగానే విప్పుతాను," అన్నాడు. నాన్న ఒక షరతు పెట్టడం నేను చూసింది అదే మొదటిసారి.

ఇద్దరూ వచ్చారు. పెద్దమ్మ చిక్కిపోయింది. దుకాణం గుమ్మంలోనే, లోపలికా బయటికా అన్నట్టు నిలబడింది. అమ్మ పైనుంచి దిగి వచ్చి ఆవిడ పక్కన నిలబడింది కానీ చెయ్యి పట్టుకోలేదు. పెదనాన్న టేపు నాలుగు పక్కలా చూసి, వేలితో గీకి, కొయ్యమని తల ఊపాడు. నేను కోసి, ప్లాస్టిక్ పెట్టెలు ఒక్కొక్కటీ తీసి వరసగా పేర్చాను. పేరుస్తూ చీటీలు చదివాను. అన్నిటి మీదా ఒకటే రాత. అసలుదే. అంచు గాయపడింది. మార్కులు లేవు.

నాన్న కూడా చదివాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అమ్మ మా ఇద్దరి మొహాలూ చూసి గోడకు ఆనుకుంది.

పెదనాన్న చీటీల వంక చూడనేలేదు. సొంత భూతద్దం తెచ్చుకున్నాడు. మొదటి పెట్టె తీసి దీపం కింద పెట్టి కన్ను ఆనించాడు. పక్కన పెట్టి రెండోది తీశాడు. తర్వాత ఇంకోటి. తొందర పెరిగింది, ఊపిరి పెరిగింది. ఆఖరిది కూడా చూసి, భూతద్దం కింద పెట్టి తలెత్తాడు. ఆ మనిషి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వగా నేను చూసింది అప్పుడే.

"నావే! తమ్ముడూ, అన్నీ నావేనయ్యా! ఒక్కటి కూడా మారలేదు!"

లేచి నాన్న భుజం మీద గట్టిగా చరిచాడు. "ఎలా తెలుసనుకున్నావ్? ఇలా రా, చూపిస్తా. సంవత్సరం అంకె ఉందా, దాని కిందుగా అంచు మీద చూడు. చుక్క! అన్నిటికీ ఉంది. నా చేత్తో నేనే పొడిచా. పట్టీ కింద ఉంటుంది, ఎవడికీ కనపడదు. మార్చుంటే ఈపాటికి దొరికిపోయేవాళ్ళు!"

చీటీల సంగతి నాన్న చెప్పడని నాకు తెలుసు. పంపేటప్పుడు మావాళ్ళ చెయ్యి తగిలిందేమోనని నేరం నెత్తిన వేసుకోవడానికైనా సిద్ధపడేవాడు. నా నోరు ఊరుకోలేదు.

"పెదనాన్నా, ఆ చీటీ చదవండి."

"ఏ చీటీ?"

"పెట్టె మీదది. అంచు గాయపడిందని రాశారు. అందుకే ఒక్కదానికీ మార్కులు వెయ్యలేదు. ఆ గాయం మీ చుక్కే."

ఆయన నవ్వు వెంటనే పోలేదు. చీటీ చదివాడు. ఇంకోటి తీసి చదివాడు. భూతద్దం మళ్ళీ పెట్టి చుక్కను చూశాడు. 

"ఇంత చిన్నదా?" అన్నాడు నెమ్మదిగా.

"వాళ్ళకి అదే చాలు అన్నయ్యా," అన్నాడు నాన్న.

"నువ్వు మూత తీసి చూసుంటే కనిపెట్టేవాడివా?"

"కనిపెట్టేవాణ్ణి. పంపనిచ్చేవాణ్ణి కాదు."

పెదనాన్న స్టూలు మీద కూలబడ్డాడు. ఆయన కళ్ళు అలవాటుగా మా అందరి మీదా తిరిగాయి. నా మీద, నాన్న మీద, కోసి పారేసిన అట్టపెట్టె మీద. నింద వెయ్యడానికి ఎవరూ దొరక్క ఎక్కడా ఆగలేదు. చుక్క సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. భార్యకు కూడా చెప్పలేదు. ఇంతసేపూ ఆ మనిషి ఓడిపోవాలని కోరుకున్నదాన్ని, అప్పుడు చూడలేకపోయాను. జాలేసింది.

పెద్దమ్మ గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వేసింది.

"అయితే ఏవీ మారలేదు కదండీ?"

"మారలేదు."

"మీ కళ్ళతో మీరే చూశారు కదా?"

"చూశానన్నాగా."

"మా మరిది తియ్యలేదు కదా?"

పెదనాన్న తల అడ్డంగా ఊపాడు.

"నోటితో చెప్పండి. నాక్కాదు, అతనికి చెప్పండి."

ఆవిడ గొంతు పెద్దగా లేదు. కానీ ఆయనతో అలా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. అమ్మ కూడా వినలేదనుకుంటాను, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెదనాన్న బల్ల వంక చూసి, తర్వాత నాన్న మొహంలోకి చూశాడు.

"నువ్వు తియ్యలేదు తమ్ముడూ," అన్నాడు.

"అయ్యో, అదేం మాట అన్నయ్యా," అని నాన్న మొహం తిప్పుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికని అందరికీ తెలుసు.

పెద్దమ్మ చెప్పులు విడిచింది. చేతిసంచి అమ్మకు ఇచ్చింది. "కాస్త టీ పెట్టవే. సాయంత్రం దాకా ఉంటాను," అంది. మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "రేపూ వస్తాను. మీరు తోడు రానక్కర్లేదు, దారి నాకు తెలుసు," అంది ఆయనతో.

అక్కాచెల్లెళ్ళిద్దరూ మెట్లెక్కి వెళ్ళిపోయారు. నాన్న ప్లాస్టిక్ పెట్టెలన్నీ మెత్తటి గుడ్డలో చుట్టి ఆయన ముందు పెట్టాడు. కాసేపటికి పైనుంచి నవ్వులు వినిపించాయి. అమ్మ నవ్వు, దాన్ని మించి పెద్దమ్మ నవ్వు, ఆపుకోలేక పగలబడి నవ్వుతున్నట్టు. పెదనాన్న తలెత్తి పైకప్పు వంక చూశాడు. ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడు అని నేను ఎదురుచూశాను.

ఎవరిని చూసి నవ్వుతున్నారని ఆయన అడగలేదు.