చిరుత విన్న బగారా అన్నం

సెలవు మీద నేను వైరాలోని మా ఇంటికి వచ్చినప్పుడల్లా పొద్దున్నే ఉల్లిగడ్డల ఆటో గుమ్మం ముందు ఆగుతుంది. రికార్డు చేసిన గొంతొకటి స్పీకరులో గరగరమంటూ చెప్పిందే చెబుతుంది. అందరూ సంచులు పట్టుకుని బయటికి వస్తారు. నేను మాత్రం చేస్తున్న పని వదిలేసి నిలబడిపోతాను. ఆ గరగరలో నాకు యాకూబ్ సార్ వినిపిస్తారు.

భద్రాచలం వైపు అడవి అంచున అటవీ శాఖ బీట్ ఆఫీసరుగా నాకు తొలి పోస్టింగ్ వచ్చినప్పుడు ఆయన మా సెక్షన్ ఆఫీసర్. ఖమ్మంలో పుట్టి పెరిగిన మనిషి. ఏది అడిగినా ముందు "తెల్వదమ్మా" అనేవారు. పై అధికారి నోట ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. ఏమీ తెలియని మనిషి దగ్గర నేనేం నేర్చుకోను అనుకునేదాన్ని. అయితే ఆ మాట అన్న వెంటనే టోపీ పెట్టుకుని "పోయి చూద్దాం పా" అని బండి తీసేవారు. అది అప్పట్లో నేను లెక్కలోకి తీసుకోలేదు.

వాగు పక్క గూడెంలో లచ్చమ్మ అనే పెద్దావిడకు మేకలే బతుకుదెరువు. ఆమె దొడ్డికి ఒక చిరుతపులి అలవాటు పడింది. మనిషి మాట వినిపించే చోటికి చిరుత రాదని సార్ ఎక్కడో విన్నారట. ఆటోవాళ్ళు వాడేటువంటి చిన్న స్పీకరు ఒకటి కొని తెచ్చారు. రికార్డు చేయడానికి కూర్చుంటే ఏం మాట్లాడాలో తోచలేదు. చివరికి వాళ్ళమ్మ బగారా అన్నం, మటన్ కూర ఎలా వండేదో మొదలుపెట్టి ఉల్లిగడ్డ తరుగు దగ్గర్నుంచి కొత్తిమీర దాకా తాపీగా చెప్పుకుపోయారు. దొడ్డి దగ్గర అది పెట్టగానే లచ్చమ్మ నోరు వెళ్ళబెట్టింది.

"గిదేంది సారూ, మేకల ముంగట మటన్ వండే సంగతి చెప్తున్నవ్?"

"వాటికేం సమజైతదమ్మా."

"ఇంతకూ నీకు వండొస్తదా?"

"రాదు," అన్నారు సార్. ఆమె కడుపు పట్టుకుని నవ్వింది.

చిరుత ఆ దొడ్డి వైపు రావడం మానేసింది. నేను మురిసిపోయి, ఇంకో నాలుగు స్పీకర్లు తెద్దామన్నాను. అంతలో వాగు అవతలి గూడెంలో మేకలు పోవడం మొదలైంది. ఒకటి పోయిందని వెళ్ళి చూసి వచ్చేలోపే ఇంకొకటి. చచ్చిన మేక ప్రతిదీ దాదాపు అలాగే పడి ఉండేది, చిరుత రెండు ముద్దలు తిన్నట్టు కూడా లేదు. చివరిసారి మేం వెళ్ళేసరికి జనమంతా కర్రలతో, డప్పులతో చుట్టూ చేరి కేకలు పెడుతున్నారు. సార్ ఆ మేక పక్కన గొంతుక్కూర్చున్నారు.

"దాన్ని తిననిస్తలేం గదమ్మా. మన సప్పుడుకు వదిలేసి ఉరుకుతుంది. ఆకలి తీరక ఇంకోటి పడుతుందేమో."

"అంటే మన స్పీకరు వల్లే ఈ మేకలు పోతున్నాయా సార్?"

"తెల్వదు," అన్నారు. ఆ ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

చచ్చిన మేకను అక్కడే వదిలేసి దూరంగా ఉండమని వాళ్ళను బతిమాలారు. తిరిగొచ్చి స్పీకరు ఆపేశారు. లచ్చమ్మకు కోపం వచ్చింది. "వాగవతలోల్ల మేకలు బతకాల్నని నావి సావాల్నా?" అని నిలదీసింది. మర్నాడు సార్ ముళ్ళకంప బండెడు తోలించి, నన్నూ వెంటబెట్టుకుని, ఆమె దొడ్డి చుట్టూ ఎత్తుగా దడి కట్టారు. నా చేతుల నిండా ముళ్ళే.

చిరుత మళ్ళీ వచ్చి, వదిలేసిన ఆ మేకను పూర్తిగా తిని పోయింది. చాలా రోజులు రెండు గూడేల్లోనూ ఒక్క మేక పోలేదు. హమ్మయ్య, దారికొచ్చింది అనుకున్నాను. అప్పుడే ఒక ఉదయం లచ్చమ్మ వణుకుతూ మా ఆఫీసుకు వచ్చింది. వాగు దారిలో చిరుత ఎదురైందట. ఇదివరకు మనిషి అలికిడికే మాయమయ్యేది, ఈసారి ఆమె వైపు చూస్తూ నిలబడి, తీరిగ్గా పొదల్లోకి పోయిందట.

"నన్ను జూసి భయపడలే సారూ!"

ఆమెకు మంచినీళ్ళిచ్చి సార్ పక్కనే కూర్చున్నారు. తర్వాత నా వైపు తిరిగి, "భయం ఎక్కువైతే మేకలు పోతున్నయ్. తక్కువైతే మనిషి ముంగట నిలవడుతుంది. దానికెంత భయం ఉండాలమ్మా?" అని అడిగారు. దాని కడుపు నిండి భయం పోయిందో, మేం తరమడం మానేయడం వల్ల పోయిందో, ఆ రోజు ఊరికే అలా నిలబడిందో నాకు తోచలేదు. ఇప్పటికీ తోచదు. ఆ తర్వాత చాలా రోజులు లచ్చమ్మ వాగుకు వెళ్ళే వేళకు సార్ ఏదో పని కల్పించుకుని ఆమె వెంట నడిచేవారు.

సార్ ఇప్పుడు లేరు. పోయిన వానాకాలం జ్వరంతో పోయారు. ఆయన కుర్చీలో నేనున్నాను. ఈ ఉదయం ఉల్లిగడ్డల ఆటో ఇంకా వీధి దాటకముందే లచ్చమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, చిరుత మళ్ల తిరుగుతుంది. ఎంబడి పిల్ల గూడ ఉన్నది. సార్ మాటల డబ్బా నా తాననే ఉంది. పెట్టాల్నా, వద్దా?"

పెడితే ఆ తల్లి చిరుత నోటి దగ్గర తిండి వదిలి పారిపోతుంది, ఎవరి మేకల మీదో పడుతుంది. పెట్టకపోతే భయం లేని ఆ చిరుత తిరిగే దారినే రేపు పొద్దున లచ్చమ్మ ఒంటరిగా వాగుకు వెళ్ళాలి.

"తెల్వదు పెద్దమ్మా," అన్నాను.

ఆమెకు కోపం వస్తుందేమో అనుకున్నాను.

"అవ్, గట్లనే అంటవనుకున్న," అంది లచ్చమ్మ. "ఎప్పుడొస్తున్నవ్?"